పాత చెక్క కిటికీల గడియలు, పిడులు: మార్చకుండా బాగుచేసుకోవడం ఎలా

తొలకరి పడి వారం తిరక్కుండానే హైదరాబాద్‌లో పాత ఇళ్ళవాళ్ళు ఒకటే ప్రశ్న అడుగుతారు: "కిటికీ గడియ పడటం లేదండీ, కొత్త బోల్టు కొనేయమంటారా?" పద్మారావునగర్, బర్కత్‌పురా, మారేడ్‌పల్లి, చిక్కడపల్లి, ఎక్కడివాళ్ళైనా అడిగేది ఇదే. నేను చెప్పేదీ ఒకటే. కొనకండి. చాలాసార్లు తప్పు గడియది కాదు. రెక్క కిందికి జారి ఉంటుంది, లేదంటే తేమకి చెక్క ఉబ్బి ఉంటుంది. ఆ రెండింటిలో ఏదో తేల్చుకోకుండా కొత్త బోల్టు బిగిస్తే వచ్చే వానాకాలానికి అదీ మొరాయిస్తుంది. పైగా తరతరాలుగా పనిచేసిన బరువైన ఇత్తడి బోల్టు పాత సామాన్లవాడికి పోయి, దాని చోట పల్చటి రేకు బోల్టు వస్తుంది. టేకు చెక్క, పోత ఇత్తడి కలిసిన కిటికీని కాస్త పట్టించుకుంటే చాలు, మీ పిల్లల కాలం వరకూ నిలుస్తుంది.

ఈ పనిలో ఎక్కువ భాగం ఇంట్లోవాళ్ళే చేసుకోవచ్చు. ఒక్కో కిటికీకి సగం పూట పెట్టుకోండి. జిగురు ఆరడానికి ఒక రోజు వేరే.

ఎప్పుడు చేయాలి

ఫిబ్రవరి నుంచి మే చివరిలోపు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా చెక్క గాలిలోని తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలకు చేరేసరికి అదే చెక్క కుంచించుకుపోతుంది. ఆగస్టులో "బిగుసుకుపోయింది" అని కార్పెంటర్‌ని పిలిచి చిత్రిక పట్టించారనుకోండి, ఏప్రిల్ వచ్చేసరికి రెక్కకీ చట్రానికీ మధ్య పెద్ద సందు కనిపిస్తుంది. తీసేసిన చెక్క మళ్ళీ రాదు. అందుకే వానాకాలంలో మరలు బిగించడం, మైనం రుద్దడం వరకే చేయండి. కోయడం, చెక్కడం ఎండాకాలానికి వదిలేయండి.

నాలుగైదు కిటికీలు ఉంటే పడమర, నైరుతి వైపువాటితో మొదలుపెట్టండి. నైరుతి రుతుపవనాల గాలీ జల్లూ మొదట తగిలేది వాటికే, మధ్యాహ్నం ఎండ తినేదీ అవే.

కావాల్సినవి

- రెండు మూడు సైజుల చదును మూతి స్క్రూడ్రైవర్లు. పాత మరలకు నిలువు గాడి ఒక్కటే ఉంటుంది, ప్లస్ మూతి పనికిరాదు
- పాత హాక్సా బ్లేడు ముక్క, చిన్న సుత్తి, కటింగ్ ప్లేయర్, గుండ్రటి ఆకురాయి
- తుప్పు వదిలించే స్ప్రే, కుట్టుమిషన్ నూనె
- తెల్ల కొవ్వొత్తి, మెత్తటి పెన్సిల్
- అగ్గిపుల్లలు లేదా సన్నగా చీల్చిన వెదురు పుల్లలు, నీటికి ఆగే రకం ఫెవికాల్ (మెరైన్)
- 120, 220 నంబర్ల నీటి రేగ్‌మాల్
- ఇత్తడి మరలు, వాటితోపాటు అదే సైజు ఇనుప మరలు నాలుగు. ఎందుకో కింద చెబుతాను
- చిన్న అయస్కాంతం, కొంచెం కుంకుమ లేదా సుద్దముక్క
- మాస్కు, చేతి తొడుగులు, తడిగుడ్డలు

మొదలుపెట్టే ముందు ఒక గట్టి హెచ్చరిక

ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామిల్ పెయింట్ పొరల్లో సీసం ఉందనే అనుకుని పనిచేయండి. పాత కిటికీ మీద అలాంటి పొరలు ఎన్నో ఉంటాయి. వాటిని పొడిగా రేగ్‌మాల్‌తో రుద్దకండి, మెషీన్‌తో అసలు రుద్దకండి. తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, కింద పాత దుప్పటి పరవండి, రాలినదంతా తడిగుడ్డతో ఎత్తేయండి. చీపురుతో ఊడిస్తే దుమ్ము ఇల్లంతా లేస్తుంది. చిన్నపిల్లలున్నా, ఇంట్లో గర్భిణి ఉన్నా పని పూర్తయ్యేదాకా ఆ గదిలోకి రానివ్వద్దు. ఇది అతి జాగ్రత్త కాదు. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం నిజంగానే చేటు చేస్తుంది.

1. అసలు తప్పు ఎక్కడుందో చూడండి

ఈ మెట్టు దాటేసేవాళ్ళే ఎక్కువ, డబ్బులు వృథా అయ్యేదీ ఇక్కడే. రెక్క మూసి, గడియ వేయకుండా, నాలుగు వైపులా సందు ఎలా ఉందో చూడండి.

రెక్క జారి ఉంటే సందు ఏటవాలుగా కనిపిస్తుంది. గడియ వైపు పైమూల దగ్గర ఎక్కువ సందు, అదే వైపు కిందిమూల చట్రానికి రాసుకుపోతూ ఉంటుంది. చట్రం మీద రంగు అక్కడే అరిగి ఉంటుంది.

ఉబ్బి ఉంటే సందు ఏటవాలుగా ఉండదు. ఒక అంచు పొడవునా దాదాపు ఒకేలా బిగుతుగా ఉంటుంది.

ఈ రెండూ కాకపోతే రంగు మందం అనుమానించండి. ప్రతి పెళ్ళికీ, ప్రతి పండక్కీ ఒక కోటు వేసిన కిటికీల్లో అంచుల మీద పేరుకున్న పెయింటే రెక్కను ఆపేస్తుంది. గోటితో గీకితే పొరలు పొరలుగా కనిపిస్తుంది.

ఇప్పుడు రెక్క సగం తెరిచి, గడియ వైపు కింది అంచు పట్టుకుని మెల్లగా పైకెత్తండి. కదిలితే బందుల (కబ్జాల) వైపు చూడండి. బందు రేకు చెక్క మీద కదులుతోందా? అయితే మరలు వదులు. రేకు కదలకుండా మధ్య కడ్డీ దగ్గర ఆడుతోందా? బందే అరిగింది, దాన్ని మార్చాలి.

చివరగా స్క్రూడ్రైవర్ మూతితో చట్రం కింది మూలలు, బోల్టు దిగే రంధ్రం చుట్టూ గుచ్చి చూడండి. మూతి మెత్తగా లోపలికి దిగినా, మట్టి గీతలు, పొడి కనిపించినా అక్కడ చెక్క కుళ్ళింది లేదా చెదలు పట్టింది. అప్పుడు ఈ పని ఆపండి. ముందు చెదల మందు, ఆ తర్వాత కార్పెంటర్.

2. బందుల మరలు బిగించండి

పై బందుతో మొదలుపెట్టండి. రెక్క బరువు లాగేది దాన్నే. రెక్క కింద చెక్క ముక్కో, మడిచిన పేపరో పెట్టి బరువు ఆపిన తర్వాతే మరలు తిప్పండి. రెక్క వేలాడుతుండగా బిగిస్తే జారిన స్థితిలోనే బిగుసుకుంటుంది.

మర తిరుగుతూనే ఉండి బిగుసుకోకపోతే రంధ్రం పెద్దదైందన్నమాట. ఇలా చేయండి: మర తీసి, రంధ్రంలోని పొడి ఊదేయండి. అగ్గిపుల్లల తలలు విరిచి, పుల్లలకు ఫెవికాల్ పూసి, పట్టినన్ని లోపలికి దూర్చండి. వెదురు పుల్ల దొరికితే ఇంకా గట్టి. బయటికి వచ్చిన కొసలు బ్లేడుతో సమంగా కోసి, ఒక రోజంతా ఆరనివ్వండి. ఆ తర్వాతే మర. జిగురు తడిగా ఉండగా మర తిప్పడం చాలామంది చేసే తప్పు. ఆ రోజుకు పట్టినట్టే ఉంటుంది, తర్వాత ఊడుతుంది.

రంధ్రం వదులైందని లావు మర ఎక్కించకండి. దాని తల బందు రేకులోని గుంటలో కూర్చోదు, బయటికి పొడుచుకు వస్తుంది, రెక్క పూర్తిగా మూసుకోదు. పొడవు పెంచవచ్చు, లావు వద్దు.

మరలన్నీ గట్టిగా ఉన్నా రెక్క ఇంకా కాస్త జారే ఉంటే, కింది బందు రేకు వెనక పాత పోస్టుకార్డంత మందం అట్టముక్క పెట్టి బిగించండి. రెక్క కింది భాగం చట్రం నుంచి కొంచెం దూరం జరిగి, గడియ వైపు అంచు పైకి లేస్తుంది. పై బందు వెనక పెడితే ఫలితం తలకిందులవుతుంది, ఇంకా జారుతుంది.

ఇక్కడికి వచ్చాక గడియ వేసి చూడండి. చాలా కిటికీల పని ఇక్కడితోనే అయిపోతుంది.

3. గడియ ఎక్కడ తగులుతోందో గుర్తు పెట్టండి

బోల్టు కొసకు కుంకుమ కొంచెం తడిపి రాయండి. రెక్క మూసి, గడియను రంధ్రం వైపు మెల్లగా నెట్టి వెనక్కి లాగండి. చట్రం మీద ఎర్రటి గుర్తు పడుతుంది. అది రంధ్రానికి 2, 3 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే గుండ్రటి ఆకురాయితో ఆ వైపు రంధ్రాన్ని రాయండి. అంతకంటే ఎక్కువ దూరంలో ఉంటే మళ్ళీ 2వ మెట్టుకు వెళ్ళండి, బందుల పని ఇంకా మిగిలే ఉంది. బోల్టునే పక్కకు జరిపి కొత్త రంధ్రాలు వేస్తే పాత రంధ్రాలూ కొత్తవీ కలిసిపోయి ఏ మరా నిలవదు.

గుర్తు సరిగ్గా రంధ్రంలోనే పడుతున్నా బోల్టు పూర్తిగా దిగకపోతే రంధ్రం నిండి ఉంటుంది. కిందికి దిగే గడియలకు ఇది మామూలే. ఏళ్ళ తరబడి దుమ్ము, రంగు, చచ్చిన చీమలు గట్టిపడి కూర్చుంటాయి. వంచిన తీగతో గోకి తీయండి. అందులో నీళ్ళు నిలుస్తున్నాయేమో కూడా చూడండి. నిలుస్తుంటే రంధ్రం లోపలి గోడలకు పల్చగా ప్రైమర్ పూసి ఆరనివ్వండి, పైన ఇత్తడి ప్లేటు బిగించండి.

రెండు రెక్కల కిటికీ అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి: మొదటి రెక్క పైగడియ, కింది గడియ రెండూ పూర్తిగా పడితేనే రెండో రెక్క సరిగ్గా కూర్చుంటుంది. రెండో రెక్క పిడి పట్టుకుని బలంగా లాగేవాళ్ళు మొదటి రెక్క కింది గడియ సగమే దిగిందని గమనించరు. పిడులు ఊడిపోవడానికి పెద్ద కారణం ఇదే.

4. గడియ, పిడి ఊడదీయండి (అవసరమైతేనే)

జారే గడియ తేలిగ్గా కదులుతుంటే తీయొద్దు. రంగుతో మూసుకుపోయినా, తుప్పు పట్టినా, పిడి ఊగుతున్నా తీయండి. ముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఏ కిటికీ, ఏ రెక్క, పైదా కిందిదా అని చీటీ రాసి ఒక్కోదాని మరలు ఒక్కో కవర్లో వేయండి. చూడ్డానికి ఒకేలా ఉన్నా పాత గడియలు ఒకదాని చోట ఇంకొకటి పట్టవు.

మర రాకపోతే ఈ వరస పాటించండి. గాడిలో నిండిన రంగును హాక్సా బ్లేడు మూలతో పూర్తిగా గీకండి. గాడి నిండా సరిపోయే స్క్రూడ్రైవర్ పెట్టి, దాని తల మీద సుత్తితో రెండు చిన్న దెబ్బలు వేయండి. ముందు బిగించే వైపు కాస్త తిప్పి, తర్వాత విప్పే వైపు తిప్పండి. పట్టు వదలడానికి ఈ మొదటి కదలికే సాయపడుతుంది. అప్పటికీ రాకపోతే తుప్పు స్ప్రే వేసి రాత్రంతా వదిలేయండి. ఆఖరి మార్గం వేడి: మర తల మీది రంగు మొత్తం గీకేసి, టంకం వేసే ఐరన్ మూతిని రెండు నిమిషాలు ఆనించి, చల్లారాక తిప్పండి. స్ప్రే వేసిన చోట మాత్రం పూర్తిగా తుడిచి ఆరబెట్టకుండా వేడి పెట్టకండి, అది మండే ద్రవం. రంగు మీద నేరుగా వేడి పెట్టడమూ తగదు, ఆ పొగ పీల్చకూడదు.

మూతి చిన్న స్క్రూడ్రైవర్‌తో బలం ఉపయోగిస్తే గాడి చెడిపోతుంది. ఇత్తడి మెత్తటి లోహం, ఒకసారి గాడి అరిగితే డ్రిల్ పెట్టి తీయడమే.

5. శుభ్రం చేయండి

అయస్కాంతం ఆనించండి. అంటుకోకపోతే ఇత్తడే అనుకోవచ్చు. అంటుకుంటే ఇనుము మీద పూత. పూత ఉన్నవాటిని రుద్దకండి, సబ్బునీళ్ళు చాలు.

ఇత్తడి మీది రంగు వదలడానికి: వంటకు ఇక ఎప్పటికీ వాడని స్టీలు గిన్నెలో లీటరు నీళ్ళు, రెండు చెంచాల తినే సోడా వేసి, సామాను మునిగేలా పెట్టి సన్నటి మంట మీద అరగంట ఉంచండి. గాలి ఆడే చోట చేయండి. రంగు మెత్తబడి తోలులా ఊడివస్తుంది. మిగిలింది పాత టూత్‌బ్రష్‌తో తీయండి. ఇనుప పీచు వాడితే గీతలు పడతాయి. ఊడిన రంగును చెట్ల మొదట్లో పారేయకండి, కవర్లో కట్టి చెత్తలో వేయండి.

మెరుపు కావాలంటే చింతపండు, ఉప్పు చాలు. కానీ ఐదు నిమిషాలకు మించి ఉంచకండి. ఎక్కువసేపు నానితే ఇత్తడిలోని జింకు పోయి, పైన రాగి రంగు మచ్చలు తేలతాయి. వెంటనే సబ్బుతో కడిగి, పూర్తిగా తుడిచి, ఎండలో ఆరబెట్టండి. నా మటుకు నాకు గడియలు అద్దంలా మెరవాల్సిన పనిలేదు. చేతులు తగిలి తగిలి వచ్చే ముదురు పసుపు రంగే పాత ఇత్తడికి అందం.

ఇనుప సామానును రాత్రంతా వెనిగర్‌లో ఉంచి, బ్రష్‌తో రుద్ది, సోడా నీళ్ళతో కడిగి, ఆరబెట్టి వెంటనే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేయండి. ఒక పూట ఆలస్యమైనా తుప్పు మళ్ళీ మొదలవుతుంది. బోల్టు జారే కడ్డీకి మాత్రం ప్రైమర్, రంగు రెండూ వద్దు.

6. అంచు బిగుతుగా ఉంటే

ఎండాకాలంలో కూడా రాసుకుంటుంటేనే ఇది చేయండి. చట్రం అంచుకు సుద్ద పూసి రెక్క మూసి తెరవండి. రెక్క మీద సుద్ద అంటిన చోటు మాత్రమే, అదీ నీటి రేగ్‌మాల్‌తో, కొంచెం కొంచెంగా రుద్దండి. చిత్రిక చివరి మార్గం. పచ్చి చెక్క బయటపడ్డ ప్రతిచోటా అదే రోజు ప్రైమర్ కానీ, అవిసె నూనె కానీ పట్టించండి. అంచులు, ముఖ్యంగా రెక్క అడుగు భాగం, ఎవరూ చూడరని వదిలేస్తారు. తేమ ఎక్కేది అక్కడి నుంచే.

అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరిచి, గట్టిపడేదాకా ఆరిన తర్వాతే పారేయండి.

7. తిరిగి బిగించండి

ఇత్తడి మరను నేరుగా టేకులో తిప్పితే తల విరుగుతుంది. అందుకే ఇనుప మరలు తెమ్మన్నాను. నంబర్ 6 మర అయితే 2.5 మి.మీ. బిట్‌తో రంధ్రం వేసి, ముందు ఇనుప మర తిప్పి దారి చేయండి, తీసేయండి. తర్వాత ఇత్తడి మరను కొవ్వొత్తి మీద రుద్ది బిగించండి. ఇనుప మరలను అలాగే వదిలేయకండి. తడి తగిలే చోట ఇత్తడిని ఆనుకుని ఉన్న ఇనుము త్వరగా తుప్పు పడుతుంది.

మొదట అన్ని మరలూ సగం, గడియ జారించి చూసి, ఆ తర్వాత పూర్తిగా. ఒక మరను చివరిదాకా బిగించి రెండోదానికి వెళితే ప్లేటు వంకరై కడ్డీ పట్టేస్తుంది. రోజూ లాగే పిడి పదే పదే వదులవుతుంటే మరల బదులు చెక్కలోంచి అవతలికి వెళ్ళే సన్నటి నట్టు బోల్టు, వెనక వాషర్ పెట్టించండి.

8. నూనె

జారే గడియలకు నూనె వద్దు. మన ఊరి దుమ్ముకు నూనె తోడైతే లోహాన్ని అరగదీసే పేస్టు తయారవుతుంది. కడ్డీ మీద కొవ్వొత్తి రుద్దండి, చాలు. తాళంచెవి ఉన్న గడియల్లో పెన్సిల్ మొన పొడి. బందుల కడ్డీకి, తిరిగే పిడి ఇరుసుకు ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేసి, కారింది తుడిచేయండి.

కొబ్బరినూనె మాత్రం వేయకండి. ఇంట్లో చేతికి అందేది అదే కాబట్టి అందరూ వేస్తారు. అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల్లో హైదరాబాద్ చలికి గడియలో పేరుకుపోతుంది, ఆ తర్వాత జిగురవుతుంది. తుప్పు స్ప్రే కూడా పట్టు వదిలించడానికే తప్ప, ఏడాది పొడవునా గడియను జారేలా ఉంచడానికి కాదు.

మిగతా రకాలు

పిడి తిప్పితే పైకీ కిందికీ పొడవాటి కడ్డీలు వెళ్ళే గడియ ఉంటే, పిడిని బలవంతంగా తిప్పకండి. కడ్డీలను పట్టి ఉంచే చిన్న కొండీల్లో ఒకటి వంగి ఉంటుంది. కడ్డీ వెంట చేయి పోనిచ్చి ఎక్కడ ఆగుతోందో వెతకండి. కిటికీ తెరిచి ఉంచే కొక్కేల్లో కన్ను వదులైతే 2వ మెట్టులోని పుల్లల పద్ధతే. కొక్కెం పెట్టకుండా వదిలేసిన రెక్క ఈదురుగాలికి కొట్టుకుంటే ముందు పోయేది పై బందే. పైన ఉండే రోషన్‌దాన్‌లకు (గాలి, వెలుతురు కోసం గోడ పైభాగంలో పెట్టే చిన్న కిటికీలకు) తాడు కట్టి ఉంటే తాడు మార్చండి, రెండు చివర్ల ఇరుసుల్లో పెన్సిల్ పొడి వేయండి. నిచ్చెన కింద ఇంకొకరు పట్టుకోకుండా ఆ పనికి దిగొద్దు.

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది

గడియ ఒక వేలితో జారాలి. పడిన తర్వాత రెక్కను నెట్టి చూస్తే టకటక చప్పుడు రాకూడదు. రెక్కకూ చట్రానికీ మధ్య న్యూస్‌పేపర్ ముక్క పెట్టి మూసి లాగండి. అన్ని వైపులా కొంచెం పట్టుకుని, చిరగకుండా రావాలి. ఒకచోట వదులుగా జారి, ఇంకోచోట చిరిగితే రెక్క ఇంకా ఏటవాలుగానే ఉంది. రెక్కను సగం తెరిచి వదిలితే అక్కడే నిలవాలి. తనంతట తాను తిరుగుతుంటే బందులు ఒకే నిలువు గీతలో లేవు. మొదటి పెద్ద వాన తర్వాత ఇవన్నీ ఇంకోసారి చూడండి.

ఊచలు లేని కిటికీ అయితే కింది గడియ కనీసం 15 మి.మీ. లోపలికి దిగుతోందో కొలవండి. పొట్టిగా ఉంటే బయటినుంచి నెడితే తెరుచుకుంటుంది. గడియకు తాళం వేసే అలవాటుంటే చెవి ఆ గదిలోనే, పెద్దవాళ్ళకు అందే చోట ఉండాలి. అగ్గి ప్రమాదం జరిగితే బయటపడే దారి అదే కావచ్చు.

విడిభాగం పోతే

కొత్తవాటికి రాణీగంజ్, ట్రూప్ బజార్ వైపు హార్డ్‌వేర్ దుకాణాలు. పాతదానికి జత కావాలంటే గురువారం జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత తిరగండి. పాత ముక్కను వెంట తీసుకెళ్ళండి, ఫోటో చాలదు. మర రంధ్రాల మధ్య దూరం, కడ్డీ లావు రెండూ కలవాలి. జేబులో అయస్కాంతం ఉంచుకోండి, ఇత్తడి అని పూత సామాను అమ్మేవాళ్ళు ఉంటారు.

కార్పెంటర్‌ని పిలవాల్సి వస్తే "కిటికీ బాగుచేయండి" అనకండి. "పై బందు మార్చాలి, గడియ అదే ఉండాలి, అంచు చిత్రిక పట్టొద్దు" అని విడివిడిగా చెప్పండి. ఏమైనా తీసేస్తే, విరిగినదైనా సరే, మీ చేతికే ఇమ్మనండి. ఆ ముక్కలోని కడ్డీయో ప్లేటో రేపు ఇంకో కిటికీకి పనికొస్తుంది.